ఎందుకు? ఎలా?: కొత్త టీవీలో పాత పెండ్లి సీడీ రంగు ఎందుకు పోతుంది?

ప్రశ్న: సారూ, మాది లింగాల ఘనపూర్ మండలం. మా పెండ్లప్పటి సీడీలు ఉన్నయ్. పాత డబ్బా టీవీల మంచిగనే కనవడేటియి. ఇప్పుడు గోడకు పెట్టే పెద్ద టీవీ తెచ్చినం. దానికి అదే డెక్కు తగిలిస్తే మాట ఇనొస్తుంది గని బొమ్మ నలుపు తెలుపుల వస్తుంది. ఒక్కోసారి అసలే వస్తలేదు. ఖరాబైంది టీవీనా, డెక్కా, సీడీనా? డెక్కు పారేసి కొత్తది కొనమంటరా?

జవాబు: పారేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మూడింటిలో ఏదీ చెడిపోలేదనే అనిపిస్తోంది. ఎందుకంటే మాట వినిపిస్తోంది అన్నారు. సీడీ మీద బొమ్మనూ మాటనూ వేర్వేరు చోట్ల రాయరు, రెండింటినీ ముక్కలు ముక్కలుగా కలిపి ఒకే దారిలో రాస్తారు. మాట ఆగకుండా వస్తోందంటే డిస్కు సరిగ్గా తిరుగుతోంది, లెన్స్ దాన్ని చదువుతోంది, ప్లేయర్, అంటే మీ డెక్కు, ఆ ముక్కల్ని విడదీస్తోంది. తేడా ఆ తర్వాత వచ్చింది. ప్లేయర్ వెనక పిన్ను నుంచి టీవీ తెర దాకా ఉన్న ఆ కొద్ది దూరంలోనే దాన్ని వెతకాలి. అక్కడ ఉండేవి వైరు, రంధ్రం, రెండు రిమోట్లలోని సెట్టింగులు. వీటిని సరిచూసుకోవడానికి పైసా ఖర్చు ఉండదు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

మీ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. జనగామ చుట్టుపక్కల పెండ్లిళ్లు, సారె పండుగలు, గృహప్రవేశాలు చాలా ఏళ్లపాటు సీడీలు, డీవీడీల మీదే మిగిలాయి. ఒగ్గుకథలూ అలాగే సీడీలుగా ఇంటింటికీ చేరాయి. ఒగ్గుకథకు దేశమంతా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది మీ మండలంలోని మాణిక్యపురమే. ఆయన 2017లో కన్నుమూశారు. అలాంటి కథకుల గొంతు, అడుగు, ఆట ఏ ఇంటి అల్మారాలోనో ఒక డిస్కు మీద ఉండొచ్చు. "బొమ్మ వస్తలేదు" అని దాన్ని చెత్తలో వేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే ఈ జవాబు కాస్త వివరంగా చెబుతాను.

రంగు ఎక్కడికి పోయింది?

ముందు రంగు బొమ్మ వైరులో ఎలా ప్రయాణిస్తుందో చూద్దాం. మన దేశంలో దూరదర్శన్ రంగుల ప్రసారాలు 1982లో మొదలయ్యాయి. హైదరాబాద్ కేంద్రం అంతకు ముందే, 1977 నుంచీ ఉంది. అప్పటికే ఇళ్లలో ఉన్నవి నలుపు తెలుపు టీవీలు. వాటిని పారేయాల్సిన అవసరం లేకుండా రంగును తేవాలి. దానికి తగ్గట్టే మనం తీసుకున్న పద్ధతి పేరు పాల్. ఇందులో బొమ్మలో ఎక్కడ ఎంత వెలుగు ఉందో చెప్పే సంకేతం ఒకటి. అది అచ్చం పాత నలుపు తెలుపు బొమ్మే. దాని మీదకు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర రంగు సంకేతాన్ని ఎక్కిస్తారు. రంగును విడదీయగలిగిన టీవీ విడదీసి చూపిస్తుంది. విడదీయలేనిది వెలుగును మాత్రమే తీసుకుని నలుపు తెలుపులో చూపిస్తుంది. మీ ప్లేయర్‌లోని పసుపు పిన్ను మోసేది ఇలా వెలుగూ రంగూ కలిపిన సంకేతాన్నే.

మీ కొత్త టీవీ కూడా ఇప్పుడు ఆ నలుపు తెలుపు టీవీ చేసిన పనే చేస్తోంది. వెలుగును తీసుకుంది, రంగును గుర్తించలేదు. రంగు సంకేతం తనకు అర్థం కానప్పుడు తప్పుడు రంగులు పూయడం కంటే రంగును మొత్తంగా ఆపేయడమే నయమని టీవీలను అలా తయారుచేశారు. అది గుర్తించకపోవడానికి కారణాలు రెండు. మొదటిదే ఎక్కువ ఇళ్లలో కనిపిస్తుంది.

టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంధ్రాలు వరసగా ఉన్నాయేమో చూడండి. వాటిని కాంపోనెంట్ అంటారు. ఇక్కడ బొమ్మ మూడు వైర్ల మీద విడివిడిగా రావాలి. ఆకుపచ్చ దాంట్లో వెలుగు ఒక్కటే వస్తుంది, రంగు సమాచారం నీలం, ఎరుపు వైర్లలో వస్తుంది. చోటు కలిసివస్తుందని చాలా కంపెనీలు ఆ ఆకుపచ్చ రంధ్రాన్నే పసుపు పిన్నుకూ వాడతాయి. రంధ్రం చుట్టూ సగం ఆకుపచ్చ, సగం పసుపు ఉంటుంది, లేదా పక్కన "వై / వీడియో" అని రాసి ఉంటుంది. మీరు పసుపు పిన్నును అక్కడే పెట్టారు, అది సరైన పనే. కానీ టీవీ సోర్స్ "కాంపోనెంట్" మీద ఉంటే టీవీ అక్కడ వెలుగును మాత్రమే ఆశిస్తుంది. మీద ఎక్కి వచ్చిన రంగును రంగుగా తీసుకోదు. అందుకే నలుపు తెలుపు. దగ్గరికి వెళ్లి చూస్తే బొమ్మ మీద సన్నటి చుక్కల అల్లిక కూడా కనిపిస్తుంది. ఆ చుక్కలు టీవీకి అర్థం కాని రంగు సంకేతమే. టీవీ రిమోట్‌లో "సోర్స్" లేదా "ఇన్‌పుట్" బటన్ నొక్కి "ఏవీ" ఎంచుకోండి. చాలా ఇళ్లలో రంగు ఆ క్షణంలోనే తిరిగి వస్తుంది.

రాకపోతే రెండో కారణం చూడండి. టీవీ మెనూలో "కలర్ సిస్టమ్" అని ఉంటుంది. అది ఎన్‌టీఎస్‌సీ మీద ఆగిపోయి ఉంటే "ఆటో" చేయండి. అమెరికా, జపాన్ దేశాలు వాడిన పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. దాని రంగు సంకేతం 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన పాల్ రంగు కోసం టీవీ అక్కడ వెతికితే దానికి ఏమీ దొరకదు.

మరి కొన్నిసార్లు బొమ్మే ఎందుకు రాదు?

గోడకు పెట్టే టీవీల్లో చాలావాటికి మూడు రంగుల రంధ్రాలకు బదులు ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒక్కటే ఉంటుంది. టీవీ డబ్బాలో దానికి సరిపడే చిన్న తోక వైరు ఇస్తారు. ఒక కొస ఇయర్‌ఫోన్ పిన్ను, రెండో కొస పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు. టీవీ బిగించినప్పుడు ఆ వైరు డబ్బాతో పాటే అటక ఎక్కుతుంది. తర్వాత బజారులో అలాంటిదే కొంటాం. చూడటానికి రెండూ ఒకటే. ఆ పిన్ను మీద నాలుగు భాగాలు ఉంటాయి. ఏ భాగం బొమ్మకు, ఏది మాటకు, ఏది ఎర్త్‌కు అన్న వరుస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. వరుస మారితే బొమ్మ సంకేతం స్పీకర్‌లోకి వెళ్లి "బుర్ర్" మని మోగుతుంది, మాట తెర వైపు వెళ్లి ఏమీ కనిపించదు. అప్పుడు ప్లేయర్ నుంచి వచ్చే పసుపు పిన్నును తోక వైరులోని తెలుపు రంధ్రంలో, తర్వాత ఎరుపు రంధ్రంలో పెట్టి చూడండి. బొమ్మ ఎక్కడ వస్తే అక్కడ ఉంచి, మిగతా రెండు రంధ్రాల్లో మాట వైర్లు పెట్టండి. ఇవి చాలా తక్కువ వోల్టేజీ సంకేతాలు కాబట్టి ఇలా మార్చి చూడటం వల్ల టీవీకి నష్టం లేదు. ఎర్త్ భాగమే తారుమారై ఉంటే మాత్రం ఏం చేసినా రాదు, మీ టీవీ మోడల్‌కు సరిపోయే వైరే తెచ్చుకోవాలి.

ఇంకో కారణం ప్లేయర్ రిమోట్‌లోనే ఉంది. దాని మీద "పీ-స్కాన్" అనో "వీ-మోడ్" అనో ఒక బటన్ ఉంటుంది. పిల్లల చేతిలో అది ఒక్కసారి నొక్కుడు పడితే ప్లేయర్ బొమ్మను కాంపోనెంట్ వైర్ల వైపు మళ్లిస్తుంది. చాలా ప్లేయర్లలో అప్పుడు పసుపు పిన్ను నుంచి బొమ్మ ఆగిపోతుంది, లేదా ముక్కలుగా చీలిపోతుంది. మాట మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. సెట్టింగు మార్చుదామంటే మెనూ కూడా కనిపించదు, అందుకే జనం డెక్కు చచ్చిందనుకుంటారు. దీనికి మందు సులువు. డిస్కు బయటికి తీసేయండి, కొన్ని ప్లేయర్లు డిస్కు ఆడుతున్నప్పుడు ఈ బటన్‌ను పట్టించుకోవు. తర్వాత ఆ బటన్‌ను ఒకసారి నొక్కి నెమ్మదిగా అయిదు లెక్కపెట్టండి. రాకపోతే మళ్లీ నొక్కండి. నాలుగైదు నొక్కుల్లో అది తిరిగి పసుపు పిన్ను దగ్గరికి వస్తుంది.

కాంపోనెంట్ వైర్లతోనే కలుపుకున్నవాళ్లకు ఒక మాట. అక్కడ మొత్తం అయిదు వైర్లు, అందులో రెండు ఎరుపు. ఒకటి బొమ్మది, ఇంకోటి మాటది. ఇవి మారితే ముఖాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి, ఒక స్పీకర్ మూగబోతుంది. నీలమూ ఎరుపూ తారుమారైతే పెండ్లికూతురి ముఖం నీలి రంగు తిరుగుతుంది. ఆకుపచ్చ వైరు ఊడితే బొమ్మే ఉండదు, ఎందుకంటే వెలుగు వచ్చేది దాంట్లోంచే.

టీవీకి ఏవీ రంధ్రమే లేకపోతే?

ఇప్పటి కొన్ని టీవీలకు హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ తప్ప మరేమీ ఉండవు. మీ ప్లేయర్‌కు కూడా హెచ్‌డీఎంఐ ఉంటే అదే మేలైన దారి. లేకపోతే జనగామలోనో హైదరాబాద్ కోఠిలోనో అడిగితే ఒక కొసన హెచ్‌డీఎంఐ, రెండో కొసన పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉన్న ఉత్త వైరు చేతిలో పెట్టే దుకాణాలు ఉన్నాయి. దాన్ని కొనకండి. పసుపు పిన్నులో వచ్చేది ఎక్కుతూ తగ్గుతూ ఉండే అనలాగ్ సంకేతం, హెచ్‌డీఎంఐ అడిగేది అంకెల సంకేతం. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడం రాగి తీగ వల్ల అయ్యే పని కాదు. లోపల చిప్ ఉండాలి, దానికి కరెంటు అందాలి. "ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్" అని అడగండి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది, యూఎస్‌బీ వైరుతో 5 వోల్టుల కరెంటు తీసుకుంటుంది. కొనే ముందు దాని మీది అక్షరాలు రెండుసార్లు చదవండి. "హెచ్‌డీఎంఐ టు ఏవీ" అని తిరగేసి రాసి ఉన్నది కూడా చూపుకు అచ్చం అలాగే ఉంటుంది, పని మాత్రం ఎదురు దిక్కులో చేస్తుంది.

హెచ్‌డీఎంఐతో నేరుగా కలిపినా "నో సిగ్నల్" అని వస్తే రెండు పరికరాల ప్లగ్గులూ తీసి, వైరు రెండు కొసలా గట్టిగా దూర్చి, ముందు టీవీని, తర్వాత ప్లేయర్‌ను ఆన్ చేయండి. ఆన్ అయ్యే వేళ అవి రెండూ ఒకదాన్నొకటి అడిగి, ఏ సైజు బొమ్మ పంపాలి, దొంగ కాపీ రక్షణ కుదిరిందా అని తేల్చుకుంటాయి. ఆ మాటామంతీ మధ్యలో తెగితే తెర నల్లగా ఉండిపోతుంది.

బొమ్మ కిందికి మీదికి దొర్లుతుంటే?

అమెరికాలో ఉన్న కొడుకో బిడ్డో పంపిన డీవీడీలకు ఇది ఎక్కువ. మన పాల్ బొమ్మలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. వాళ్ల ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. పాత డబ్బా టీవీ ఒక లెక్కకు అలవాటుపడి ఉంటుంది, ఇంకో లెక్క వస్తే బొమ్మను నిలబెట్టలేదు. ప్లేయర్ రిమోట్ మీద "ఎన్/పీ" అని ఒక బటన్ ఉంటుంది, అది ఇందుకే. కొత్త టీవీలు రెండు లెక్కలనూ వాటంతటవే గుర్తుపడతాయి. అక్కడ కొన్న సినిమా డిస్కు అయితే "రీజియన్" తప్పు అని ఆగిపోవచ్చు. డీవీడీల్లో అమెరికాది 1, మనది 5. ఇంట్లో తీసి రాసిన వేడుకల డిస్కులకు మామూలుగా ఆ తాళం ఉండదు.

తెర మీద మసక పట్టీలు నెమ్మదిగా పైకి పాకుతుంటే కేబుల్ వైరునో డిష్ వైరునో టీవీ నుంచి ఒకసారి ఊడదీసి చూడండి. పట్టీలు పోతే తప్పు ఎర్తింగుది, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ సరిచేయించుకోండి. పిన్నులు తగిలించేటప్పుడు చెయ్యి జివ్వుమంటోందని చాలామంది అంటారు. అందుకే రెండు ప్లగ్గులూ తీసిన తర్వాతే వైర్లు ముట్టాలి. డబ్బా టీవీ వెనక మూతను మాత్రం ఇంట్లోవాళ్లెవరూ విప్పొద్దు. ఆపేసిన తర్వాత కూడా లోపల వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

సినిమా పెడితే పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు రోగం కాదు. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు, టీవీ తెర 1.78 రెట్లు. ఎత్తులో సుమారు నాలుగో వంతు ఖాళీగా ఉండి తీరుతుంది. "జూమ్" నొక్కితే పట్టీలు పోతాయి గాని పక్కన నిలబడ్డ మనుషులూ పోతారు.

గళ్లు గళ్లుగా విరిగి, ఒకచోట ఆగిపోతుంటే?

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో డిస్కు తప్పు లేదు. ఇక్కడ మాత్రం డిస్కునో లెన్స్‌నో అనుమానించాలి. బొమ్మతో పాటు మాట కూడా తెగుతుంటే అది ఖాయం.

డిస్కు మీద సమాచారం రాసేటప్పుడే పోయినదాన్ని తిరిగి లెక్కగట్టుకునేలా అదనపు అంకెలు చేర్చి పెడతారు. ఉత్తరంలో అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం చెరిగితే చదువుకోగలం, ఒక వాక్యమంతా చెరిగితే చదవలేం. ఇదీ అంతే. మధ్య నుంచి అంచు వైపు నిలువునా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొద్దిగానే పాడుచేస్తుంది, ప్లేయర్ దాన్ని పూడ్చుకుంటుంది. చుట్టు వెంబడి గుండ్రంగా పడ్డ గీత ఒకేచోట చాలా తినేస్తుంది, పూడ్చడం దాని వల్ల కాదు. అందుకే డిస్కును గుండ్రంగా తుడవొద్దు. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. జిడ్డు ఉంటే గుడ్డను మంచినీళ్లతో తడిపి తుడిచి, నీడన ఆరబెట్టండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సీడీలో మెరిసే పొర పేరు రాసే వైపునే, పల్చటి పూత కింద ఉంటుంది. కింది వైపు మీద గీత పడ్డా ప్లాస్టిక్కే గీరుకుంటుంది, పై వైపు గీరుకుంటే సమాచారమే ఊడిపోతుంది. కాబట్టి సీడీ మీద బాల్‌పెన్నుతో పేరు రాయడం, అంటించిన కాగితం పీకడం ప్రమాదం. డీవీడీలో ఆ పొర రెండు పలకల నడుమ ఉంటుంది, కొంత నయం. ఎండకు పెట్టి సీడీని పైకెత్తి చూడండి. సూది మొనంత వెలుతురు అవతలి నుంచి కనిపిస్తే అక్కడ పొర లేదు.

వీడియో తీసినవాళ్లు ఇచ్చే పెండ్లి డిస్కులు ఫ్యాక్టరీలో అచ్చొత్తినవి కావు. రంగు పూసిన ఖాళీ డిస్కు మీద లేజర్‌తో కాల్చి రాసినవి. ఆ రంగు పూత ఎండకు, వేడికి మెల్లగా వెలిసిపోతుంది. రేకుల ఇంట్లో అటక మీద ఎండాకాలాలు గడిపిన డిస్కు పైకి కొత్తదానిలా మెరుస్తూనే లోపల చదవరాకుండా పోవచ్చు. పైగా ఈ డిస్కుల్లో గుర్తులు అచ్చు డిస్కులంత తేటగా ఉండవు. లెన్స్ కాస్త మసకబారితే ముందు ఆగేవి ఇవే. సినిమా డిస్కు బాగా ఆడి పెండ్లి డిస్కు ఆగిపోతుంటే డిస్కు చచ్చిందని తేల్చకండి, ఇంకో ప్లేయర్‌లోనో కంప్యూటర్‌లోనో పెట్టి చూడండి. అలాగే సీడీలన్నీ ఆడి డీవీడీలు ఒక్కటీ ఆడకపోతే తప్పు ప్లేయర్‌దే. సీడీని చదివేది 780 నానోమీటర్ల కాంతి, డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర కాంతి. రెండింటిలో ఒక్క లేజరే నీరసించడం మామూలే.

టీవీ తప్పు ఎప్పుడు?

కేబుల్ చానళ్లు కూడా అలాగే వస్తుంటే. చానళ్లు బాగుండి డిస్కు బొమ్మ ఒక్కటే చెడితే తెరకు ఏ జబ్బూ లేదు. తెర మొత్తం చీకటై మాట వస్తుంటే గదిలో లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చి తెరకు దగ్గరగా పట్టి చూడండి. లోపల బొమ్మ నీడలా కదులుతుంటే తెర వెనక వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు పోయాయి. అది మెకానిక్ పని. డబ్బా టీవీలో ఒక మూల మాత్రం ఊదా రంగు మచ్చ పడితే పక్కన హోం థియేటర్ స్పీకర్ ఉందేమో చూడండి. దాని అయస్కాంతమే కారణం. స్పీకర్‌ను దూరం జరిపి, టీవీని ప్లగ్గు దగ్గర అరగంట ఆపి ఆన్ చేస్తే చాలాసార్లు మచ్చ పోతుంది.

మళ్లీ మీ ఇంటి సంగతికి వస్తే, ముందు సోర్స్‌ను "ఏవీ" చేయండి, తర్వాత కలర్ సిస్టమ్ "ఆటో", ఆ తర్వాత తోక వైరు, చివర "పీ-స్కాన్" బటన్. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ చెడితే మొదటికే వస్తారు. నా అంచనా మొదటి రెండింటిలోనే మీ రంగు తిరిగి వస్తుంది.

బొమ్మ వచ్చాక ఆగిపోకండి. వీడియో సీడీ (వీసీడీ) ప్రమాణం 1993 నాటిది, వాటిని ఆడించే కొత్త ప్లేయర్లు దుకాణాల్లో కరువవుతున్నాయి. డిస్కు డ్రైవు ఉన్న కంప్యూటర్ దొరికితే పెండ్లి వీసీడీలోని "ఎంపెగ్‌ఏవీ" అనే ఫోల్డర్ తెరవండి, అందులో "డాట్" ఫైలు ఉంటుంది. డీవీడీలో అయితే "వీడియో టీఎస్" ఫోల్డర్ మొత్తం తీసుకోండి. వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో రెండూ ఆడతాయి. మధ్యలో కాపీ ఆగితే డిస్కును తుడిచి, వేరే డ్రైవులో మళ్లీ ప్రయత్నించండి, ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదవడం తరచూ జరిగేదే. మీ ఇంట్లోవే కాదు, మీ వాడకట్టులో ఎవరి దగ్గరైనా ఒగ్గుకథ, చిందు భాగోతం సీడీలు ఉంటే వాటినీ అడిగి తీసుకుని దాచండి. డిస్కుల రంగు పూత వెలిసిపోకముందే, మీ డెక్కు తిరుగుతుండగానే ఆ పని చేయించండి.